రాయకముందే రాశానని చెప్పకండి: డిస్కులు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

డిస్కుల కంపెనీల్లో ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) రాసే ఇంజనీర్లకు, ఆ డిస్కుల డేటాషీట్లు తయారుచేసేవారికి,

నమస్కారం.

నా పేరుతో మీకు పని లేదు. చాలా ఏళ్లుగా డేటాబేసులు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. మీరు చేసిన డిస్కులు ఎన్ని నా చేతుల మీదుగా వెళ్లాయో లెక్కే లేదు. వాటి వేగం గురించి ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు, ధర గురించి అసలే కాదు. మీ డిస్కు నా డేటాబేసుకి రోజుకి కొన్ని లక్షల సార్లు చెప్పే ఒకే ఒక్క మాట గురించి రాస్తున్నాను. ‘రాసేశాను’ అనే మాట.

ముందు మా వైపు ఏం జరుగుతుందో చెబుతాను. ఫర్మ్‌వేర్ రాసేవాళ్లలో డేటాబేసు లోపలికి తొంగిచూసినవాళ్లు తక్కువేమోనని నా అనుమానం. తప్పయితే మన్నించండి.

ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి డబ్బు మారిందనుకుందాం. అందుకు రెండు పేజీలు మారాలి. పేజీ అంటే డేటాబేసు ఒక్కసారిగా చదివి రాసే ముక్క. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో అది 8 కిలోబైట్లు, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలో 16. ఆ రెండు పేజీలూ డిస్కులో ఎక్కడెక్కడో ఉంటాయి. కమిట్ (ఈ మార్పు ఇక ఖాయం) అన్న ప్రతిసారీ వాటిని వెతుక్కుంటూ వెళ్లి రాస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకని పేజీలను మెమరీలోనే మార్చి వదిలేస్తాం. ఫలానా పేజీలో ఫలానా చోట ఫలానా మార్పు చేశాను అని ఒక చిన్న రికార్డు మాత్రం లాగ్ ఫైలు చివర చేరుస్తాం. మహా అయితే కొన్ని వందల బైట్లు. ఆ రికార్డు డిస్కులో భద్రంగా పడిందని తెలిశాకే అవతలివాళ్లకి ‘మీ పని అయింది’ అని చెబుతాం. పేజీలు ఆ తర్వాత ఎప్పుడో, చెక్‌పాయింట్ సమయానికి, అంటే మారిన పేజీలన్నిటినీ కిందకి దించే సమయానికి, తీరిగ్గా డిస్కు చేరతాయి. ఈలోగా కరెంటు పోతే, తిరిగి లేచాక గత చెక్‌పాయింట్ దగ్గర్నుంచి లాగ్ చదువుకుంటూ మార్పులన్నీ మళ్లీ చేసుకుంటాం.

లాగ్ ముందు, పేజీ తర్వాత. నియమం ఇంతే. 1992లో ఐబీఎంలో సి. మోహన్, ఆయన సహచరులు ఏరీస్ పేరుతో దీన్ని పకడ్బందీగా రాసిపెట్టారు. పోస్ట్‌గ్రెస్‌కి ఇది 2001లో, 7.1 వెర్షన్‌తో వచ్చింది. ఇవాళ చిన్న ఫోన్లో ఉండే ఎస్‌క్యూలైట్ నుంచి పెద్ద పెద్ద సర్వర్ల దాకా దాదాపు అందరూ ఏదో ఒక రూపంలో దీని మీదే బతుకుతున్నారు. ఇంత కట్టడమూ నిలబడింది ఒకే ఒక్క గుంజ మీద. ‘లాగ్ రికార్డు పడింది’ అని కింద నుంచి వచ్చే మాట నిజమై ఉండాలి.

ఆ మాట ఎన్ని చేతులు మారి వస్తుందో చూడండి. డేటాబేసు తన బఫర్‌లోంచి రికార్డుని కెర్నల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, ఇస్తుంది. కెర్నల్ దాన్ని మెమరీలో తాత్కాలికంగా దాచుకునే తన పేజీ క్యాష్‌లో పెట్టుకుని సరేనంటుంది. (క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు. డబ్బు పోవడానికి కారణమయ్యేది.) ఆ ‘సరే’ని మేం నమ్మం, నమ్మకూడదని అందరికీ తెలుసు. అందుకే వెంటనే ఎఫ్‌సింక్ అని పిలుస్తాం. అప్పుడు కెర్నల్ ఆ బైట్లను డిస్కుకి పంపి, వెనకాలే ‘నీ దగ్గర దాచుకున్నదంతా కిందకి దించు’ అని ఫ్లష్ ఆజ్ఞ పంపుతుంది. డిస్కుని కంప్యూటర్‌కి కలిపే పద్ధతిని బట్టి సాటా డిస్కుకి ఒక పేరుతో, స్కసీకి ఇంకో పేరుతో, ఎన్‌వీఎంఈకి మరో పేరుతో వెళ్లినా ఆజ్ఞ ఒకటే. ఫలానా రాత నేరుగా అసలు చోటికే వెళ్లాలి, మధ్యలో ఆగకూడదు అని చెప్పే ఎఫ్‌యూఏ అనే గుర్తు కూడా ఉంది. ఇక్కడితో మా చేయి ఆగిపోతుంది. ఆ తర్వాతిదంతా మీ ఇల్లు. మీ డిస్కులో ఉన్న డీర్యామ్ (కరెంటు పోతే ఖాళీ అయిపోయే మెమరీ) మాకు కనపడదు, అందులో ఏం మిగిలిందో అడిగే దారి లేదు. మీరు ‘అయింది’ అంటే అయిందనుకోవాలి.

కొన్ని డిస్కులు అవకుండానే అయిందంటాయి.

ఒకసారి నేను పనిచేసిన చోట రాత్రి షిఫ్టులో యూపీఎస్ మారుస్తుండగా సర్వర్‌కి కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. డేటాబేసు లేచి, లాగ్ చదువుకుని, రికవరీ పూర్తయింది అని ఒక లైను రాసి, కనెక్షన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. ఒక్క ఎర్రర్ లేదు. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. పొద్దున్నే ఫోన్లు. కస్టమర్ల దగ్గర ఆర్డరు ఖరారైనట్టు మెసేజీలున్నాయి, మా డేటాబేసులో ఆ ఆర్డర్లే లేవు. మెసేజీలు పంపేది వేరే మెషిన్. కమిట్ అయిందని మా డేటాబేసు చెప్పాకే అది పంపింది, దాని తప్పేమీ లేదు. అంతకన్నా ఘోరం ఇంకొకటి బయటపడింది. ఆర్డరు నంబర్లు ఇచ్చే సీక్వెన్సు కూడా వెనక్కి జరిగింది. కరెంటు వచ్చాక కొత్తవాళ్లకి అవే నంబర్లు మళ్లీ వెళ్లాయి. ఒకే ఆర్డరు నంబరు ఇద్దరి చేతుల్లో. ఎవరిది ఏదో తేల్చడానికి మెసేజీ సర్వర్‌లో ఉన్న రికార్డులు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాం.

ఎర్రర్ ఎందుకు రాలేదని అప్పుడు మా మేనేజరు అడిగారు. మంచి ప్రశ్నే. లాగ్‌లో ప్రతి రికార్డుకీ, అది చెడిందో లేదో చెప్పే చెక్‌సమ్ అనే అంకె ఒకటి ఉంటుంది. రికవరీలో ఒక్కో రికార్డు చదువుతూ, చెక్‌సమ్ కుదరని మొదటి రికార్డు దగ్గర ఆగుతాం. లాగ్ అక్కడితో అయిపోయిందని అర్థం. నిజానికి అది అక్కడితో అయిపోయిందా, లేక అక్కడినుంచి పోయిందా? ఈ రెంటికీ తేడా చెప్పే గుర్తు లాగ్‌లో లేదు. ఉండే వీలూ లేదు. సగం రాసిన రికార్డు లాగ్ చివర ఉండటం మామూలే, ప్రతి క్రాష్‌లోనూ ఉంటుంది. పుస్తకంలో చివరి పేజీలు చిరిగిపోతే, ఎన్ని పేజీలు పోయాయో మిగిలిన పుస్తకం చెప్పలేదు కదా. అందుకే మా డేటాబేసు నిజాయితీగానే ‘రికవరీ పూర్తి’ అని రాసింది. పాపం దానికి తెలిసింది అంతే.

డిస్కు విప్పి చూస్తే డెస్క్‌టాప్‌ల కోసం చేసిన ఎస్‌ఎస్‌డీ. అంటే తిరిగే పళ్లెం లేకుండా, కరెంటు పోయినా డేటా నిలిచే ఫ్లాష్ చిప్పుల్లో రాసేది. దాన్ని సర్వర్‌లో పెట్టింది మేమే, ఆ తప్పు మాది. కానీ డేటాషీట్‌లో సెకనుకి ఎన్ని రాతలో ఉంది, ఎన్ని టెరాబైట్లు రాస్తే అరిగిపోతుందో ఉంది, ఎంత వేడికి పనిచేస్తుందో ఉంది. ఫ్లష్‌కి జవాబిచ్చాక కరెంటు పోతే ఏమవుతుందో మాత్రం లేదు.

నిజానికి ఆ రాత్రి మాకు అదృష్టం కలిసొచ్చింది. పోయినవి చివరి ఆర్డర్లే. పాతవాటికి ఏమీ కాలేదు. ఎప్పుడూ అలా జరగదు. ఎందుకో చెప్పాలి, ఎందుకంటే ‘ఒకటి రెండు సెకన్ల డేటా పోతే ఏమవుతుంది’ అనే మాట మీ వాళ్ల నోట, మా వాళ్ల నోట కూడా విన్నాను.

మీ డిస్కు క్యాష్‌లో దాచుకున్న రాతలను వచ్చిన వరసలోనే కిందకి దించదు. తనకి వీలైన వరసలో దించుతుంది. అది తప్పు కాదు, దాని పని అదే. వరస కావాల్సిన చోట మేం ఫ్లష్ పెడతాం. ఫ్లష్‌ని పెడచెవిన పెడితే వరస కూడా పోతుంది. అప్పుడు లాగ్ రికార్డు ఇంకా డీర్యామ్‌లోనే ఉండగా, అది వివరించే పేజీ ముందుగా ఫ్లాష్‌లో పడిపోవచ్చు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయిందా, డిస్కులో ఉన్న పేజీ భవిష్యత్తులోంచి ఊడిపడినట్టు ఉంటుంది. దాన్ని చివరగా మార్చిన లాగ్ రికార్డు నంబరు ఆ పేజీ మీద ఉంటుంది, అది మిగిలిన లాగ్ చివరి నంబరు కన్నా పెద్దది. ఇండెక్సులో, అంటే టేబుల్లో ఏది ఎక్కడుందో చెప్పే సూచికలో, ఎంట్రీ ఉంటుంది, టేబుల్లో ఆ వరుస (రో) ఉండదు. లేదా ఇండెక్సు పేజీ రెండుగా చీలిన సంగతి ఒక సగానికి తెలిసి, రెండో సగానికి తెలియదు. చెక్‌పాయింట్ విషయంలో ఇంకా దారుణం. పేజీలన్నీ పడ్డాయన్న మాట నమ్మి, ఇక అక్కర్లేదని పాత లాగ్‌ను తుడిచేస్తాం. పేజీలు పడలేదు, లాగూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి.

ఇది చివరి రెండు సెకన్ల నష్టం కాదు. రెండేళ్ల కింద రాసిన వరుస కూడా పోవచ్చు. వెంటనే తెలియదు కూడా. ఏ నెలాఖరునో ఒక రిపోర్టు తీస్తుంటే, ఇండెక్సు ద్వారా వెళితే ఒక లెక్క, టేబుల్ మొత్తం చదివితే ఇంకో లెక్క వస్తుంది. అప్పటికి బ్యాకప్పులన్నిటిలోనూ ఆ చెడిపోయిన పేజీ చేరి ఉంటుంది.

వేగం కోసం భద్రత వదులుకునేవాళ్లు ఉండరని నేననడం లేదు. మేమే ఆ సెట్టింగులు పెట్టాం. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ ఆపేయొచ్చు, అంటే లాగ్ డిస్కులో పడేదాకా ఆగకుండానే కమిట్ అయిందనిపించొచ్చు. అలా ఆపితే, లాగ్‌ని డిస్కుకి రాసే లాగ్ రైటర్ రాతకీ రాతకీ మధ్య తీసుకునే విరామానికి మూడు రెట్లు, అంటే మామూలు సెట్టింగులతో 600 మిల్లీసెకన్ల లోపు చేసిన కమిట్లు పోవచ్చు. డేటాబేసు మాత్రం చెడదు. వరస చెక్కుచెదరదు, చివర కాస్త తెగుతుందంతే. ఎస్‌క్యూలైట్‌లో వాల్ (లాగ్ ముందు రాసే) పద్ధతిలో సింక్రనస్‌ని నార్మల్‌లో పెట్టినా అంతే. ఇన్నోడీబీలో లాగ్ ఫ్లష్ సెట్టింగుకి 0, 1, 2 అని మూడు విలువలున్నాయి. 1 అంటే ప్రతి కమిట్‌కీ ఫ్లష్. 2 అంటే ప్రతి కమిట్‌కీ కెర్నల్‌కి ఇచ్చి, దాదాపు సెకనుకోసారి ఫ్లష్. ఏది పోతుందో, ఎంత పోతుందో మాన్యువల్లో ఉంది. వెబ్‌సైటులో ఎవరు ఏ పేజీ చూశారో రాసుకునే టేబుల్‌కి నేనూ ఇలాంటివి వాడతాను. డబ్బు లెక్కకి వాడను. ఆ నిర్ణయం నాది, తెలిసి తీసుకున్నది. ఫ్లష్‌ని పట్టించుకోని డిస్కు ఆ నిర్ణయాన్ని నా చేతిలోంచి లాగేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్‌ని పూర్తిగా ఆపేసే సెట్టింగు ఒకటుంది, దాన్ని అసలు డేటా ఉన్నచోట వాడొద్దని పుస్తకాల్లో పదేపదే ఉంటుంది. మీ డిస్కు నాకు చెప్పకుండా ఆ సెట్టింగు మార్చినట్టే.

తిరిగే డిస్కుల కాలంలో అబద్ధం పట్టుకోవడం తేలిక. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకి 120. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. ఒకే కనెక్షన్ నుంచి, ఒక కమిట్ అయ్యాకే ఇంకొకటి పంపుతూ ఉంటే, ప్రతిసారీ లాగ్ చివర ఉన్న అదే చోటు, డేటా రాసే హెడ్ కిందకి తిరిగి రావాలి. సెకనుకి 120 కమిట్లు దాటడం కష్టం. 15000 చుట్ల డిస్కయితే 250. ఎవరైనా వచ్చి మా డిస్కు మీద సెకనుకి మూడు వేల కమిట్లు వస్తున్నాయని మురిసిపోతే, గుండె గుభేలుమనేది. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే ఎఫ్‌సింక్ టెస్ట్ ప్రోగ్రాం నడిపి ఆ అంకె చూపిస్తే చాలు, వాళ్ల మొహమే మారిపోయేది. అంతకు మించి కావాలంటే గ్రూప్ కమిట్ ఉంది. పదిమంది కమిట్లను ఒక్క ఫ్లష్‌లో సర్దేస్తాం. అది న్యాయమైన వేగం.

ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ లెక్క పనికిరాకుండా పోయింది. నిజంగా రాసినా వేగమే, రాయకపోయినా వేగమే. కరెంటు పోయాక కాసేపు నడవడానికి సరిపడా విద్యుత్తు దాచే కెపాసిటర్లున్న డిస్కయితే ఫ్లష్‌కి అసలేమీ చేయకుండా వెంటనే ‘అయింది’ అన్నా తప్పు లేదు. డీర్యామ్‌లో ఉన్నదాన్ని కరెంటు పోయాక కూడా ఫ్లాష్‌లోకి దించగలదు కనుక అది మాట నిలబెట్టుకున్నట్టే. కెపాసిటర్లు లేని డిస్కు అంతే వేగంగా జవాబిస్తే మాత్రం అది మాట కాదు, నీటి మీద రాత. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అంకెలూ ఒకేలా వస్తాయి. ప్లగ్గు లాగితే తప్ప తేడా తెలియదు.

పైగా ఎస్‌ఎస్‌డీలో పోయేది చివర రాసిన డేటా ఒక్కటే కాదు. ఏ బ్లాకు ఫ్లాష్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా డీర్యామ్‌లోనే మారుతూ ఉంటుంది. అది తేడా వస్తే డిస్కుకి తన ఇంటి దారే తెలియదు. ఒకే సెల్‌లో రెండు మూడు బిట్లు దాచే ఫ్లాష్‌లో, కొత్త పేజీ రాస్తుండగా కరెంటు పోతే, అదే సెల్స్‌లో ఎప్పుడో భద్రంగా రాసిన పాత పేజీ కూడా దెబ్బతినొచ్చు. ఇవి మీకు నేను చెప్పాల్సినవి కావు. 2013లో, స్టోరేజీ మీద జరిగే ఫాస్ట్ సదస్సులో పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు తీసి చూసిన ఫలితాలు ప్రకటించారు. 13 డిస్కులు ఏదో ఒక రకంగా తప్పాయి. కొన్నిట్లో బిట్లు చెడ్డాయి, కొన్నిట్లో రాతలు సగంలో తెగాయి, కొన్నిట్లో వరస తప్పాయి, డిస్కు మొత్తం చచ్చిపోవడం కూడా చూశారు. ఆ తర్వాత డిస్కులు మెరుగుపడ్డాయి, ఒప్పుకుంటాను. ఎన్ని మెరుగుపడ్డాయో డేటాషీట్ చూసి చెప్పలేకపోవడమే నా బాధ.

డేటాషీట్లలో ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ అనే ముక్క కనపడగానే మావాళ్లు ఎగిరి గంతేస్తారు. ఆ పేరుతో రెండు వేరు వేరు సరుకులు అమ్ముతున్నారు. ఒకటి, డీర్యామ్‌లో ఉన్నదంతా కెపాసిటర్ల బలంతో కిందకి దించేది. రెండోది, ఇదివరకే ఫ్లాష్‌లో ఉన్నదాన్ని చెడనివ్వను అని మాత్రమే చెప్పేది, డీర్యామ్‌లో ఉన్నదాని సంగతి దానికి పట్టదు. రెంటికీ ఒకే పేరు పెడితే కొనేవాడు మోసపోకుండా ఎలా ఉంటాడు? రెండోది పనికిరానిదని అనడం లేదు, ఫ్లష్‌కి నిజంగా కిందకి దించాకే జవాబిస్తే అది కూడా నాకు చాలు. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

రెయిడ్ కంట్రోలర్ల (చాలా డిస్కులను ఒక్కటిగా నడిపే కార్డులు) మీద, కరెంటు పోయినా క్యాష్‌ని కాపాడే బ్యాటరీల కథ మీకు తెలిసిందే. బ్యాటరీ చస్తే క్యాష్ ఆపేసి నేరుగా రాయాలి, ఆ సంగతి మాకు చెప్పాలి. మంచి కంట్రోలర్లు చేస్తాయి. దాని వెనకున్న డిస్కుల సొంత క్యాష్‌ని ఆపాలన్న సంగతి మాత్రం చాలామంది మరిచిపోతారు. ముందు తలుపుకి తాళం, దొడ్డితలుపు బార్లా.

ఇంతసేపూ మీ మీదే వేలు చూపించాను. మావైపు ఏమంత పుణ్యాత్ములు లేరు. లైనక్స్‌లో ఎక్స్‌ట్3 ఫైల్ సిస్టమ్ ఏళ్ల తరబడి డిస్కుకి ఫ్లష్ పంపకుండానే డిఫాల్ట్‌గా నడిచింది. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ పిలిస్తే డిస్కు క్యాష్ ఖాళీ అవదు, అందుకు ఎఫ్ ఫుల్ ఎఫ్‌సింక్ అని వేరే పిలుపు ఉంది. అది మాన్యువల్లో రాసే ఉంది, చదివేవాళ్లేరీ? ఒక మెషిన్ లోపల ఇంకో మెషిన్ నడిపే వర్చువల్‌బాక్స్ మాన్యువల్‌ చూస్తే, లోపలి మెషిన్ పంపే ఫ్లష్‌లను వేగం కోసం మామూలుగా వదిలేస్తామని చెబుతుంది. లైనక్స్‌లో ప్రతి డిస్కుకీ రైట్ క్యాష్ అని ఒక చిన్న ఫైలుంటుంది. అందులో ‘రైట్ బ్యాక్’ (క్యాష్‌లో ఉంచి తర్వాత దించేది) అనో ‘రైట్ త్రూ’ (నేరుగా రాసేది) అనో ఉంటుంది. మా కుర్రాడొకడు భద్రత కోసమని దాన్ని ‘రైట్ త్రూ’గా మార్చాడు. దానివల్ల డిస్కు క్యాష్ ఆగదు. ఈ డిస్కుకి క్యాష్ లేదని కెర్నల్ అనుకుని ఫ్లష్‌లు పంపడమే మానేస్తుంది. భద్రత పెంచాననుకుని ఉన్నదాన్ని ఊడగొట్టాడు. వాణ్ణి తిట్టలేదు, నేనూ ఆ పని చేసినవాణ్ణే.

అన్నిటికన్నా పెద్ద సిగ్గు 2018లో బయటపడింది. పోస్ట్‌గ్రెస్ చెక్‌పాయింట్‌లో ఎఫ్‌సింక్ పిలిచినప్పుడు డిస్కులో లోపం వస్తే, లైనక్స్ ఒకసారి ఎర్రర్ చెప్పి, రాయలేకపోయిన ఆ పేజీలను ‘రాసేసినవి’గా గుర్తుపెట్టేది. పోస్ట్‌గ్రెస్ సరేలే అని ఎఫ్‌సింక్‌ని మళ్లీ పిలిచేది. ఈసారి ‘అంతా బాగుంది’ అని జవాబు. ఆ మాట నమ్మి చెక్‌పాయింట్ ముగించి, పాత లాగ్‌ను వదిలేసేది. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ పిలిస్తే చాలనే భ్రమలో మేం దాదాపు ఇరవై ఏళ్లు బతికాం. 2019 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్ల నుంచి పోస్ట్‌గ్రెస్ అలాంటప్పుడు మొండికేసి తనంతట తానే కూలిపోతుంది. మళ్లీ లేచి లాగ్‌లోంచి అన్నీ తిరిగి రాసుకుంటుంది. అబద్ధం మీద నడవడం కన్నా కూలిపోవడం మేలని ఒప్పుకోవడానికి మాకు అంత కాలం పట్టింది. మీకు త్వరగా పట్టాలని కోరుకుంటున్నాను.

నిజాయితీగా పేరు పెట్టిన ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన క్యూఈఎంయూలో, లోపలి మెషిన్ ఫ్లష్‌లను పట్టించుకోని క్యాష్ పద్ధతి ఒకటుంది. దాని పేరే ‘అన్‌సేఫ్’. టెస్టు మెషిన్లకి నేను హాయిగా వాడతాను. పేరులోనే ఉంది కాబట్టి పొరపాటున అసలు సర్వర్‌కి ఎవరూ పెట్టరు. మీ నుంచి నేను అడుగుతున్నది కూడా ఇలాంటిదే.

మేం ఇప్పుడు ఎలా పరీక్షిస్తున్నామో చెబుతాను, మీ ల్యాబుల్లో ఇంతకన్నా బాగా చేస్తారనే ఆశతో. రెండు మెషిన్లు. మొదటిదాంట్లో కొత్త డిస్కు. ఒక చిన్న ప్రోగ్రాం 1, 2, 3 అని అంకెలు ఫైల్లో రాసి, ఒక్కోదానికీ ఎఫ్‌సింక్ పిలిచి, అది సఫలమయ్యాకే ఆ అంకెను నెట్‌వర్క్ మీద రెండో మెషిన్‌కి పంపుతుంది. రెండోది దాన్ని తెర మీద చూపిస్తుంది. అంకెలు పరుగెడుతుంటే మొదటి మెషిన్ ప్లగ్గు లాగాలి. ఫ్యాన్లు ఆగుతాయి, రెండో తెర మీద చివరి అంకె నిలిచిపోతుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. కాగితం ఎందుకంటే, ఆ మెషిన్నీ నమ్మబుద్ధి కాదు కనుక. మొదటిది మళ్లీ ఆన్ చేసి ఫైలు చూస్తే, అందులో చివరి అంకె కాగితం మీద ఉన్నదానితో సమానమైనా కావాలి, పెద్దదైనా కావాలి. పెద్దదైతే తప్పు కాదు, రాశాక చెప్పేలోగా కరెంటు పోయిందన్నమాట. చిన్నదైతే డిస్కు అబద్ధమాడింది. ఆర్డర్ల గొడవ చేసిన ఆ ఎస్‌ఎస్‌డీని ఇలా పెట్టి చూశాను. మొదటిసారే చిన్నది వచ్చింది, వందల్లో తేడా. నమ్మలేక ఇంకో నాలుగుసార్లు లాగాను. ఒక్కసారి మాత్రం సరిపోయింది. ఆ ఒక్కసారే ముందు వచ్చి ఉంటే, డిస్కు మంచిదేనని సర్టిఫికెట్ ఇచ్చేసేవాణ్ణి.

ప్లగ్గే లాగాలి. డేటాబేసు ప్రాసెస్‌ని చంపి చూసి పాసైందంటారు కొందరు. అప్పుడు కెర్నల్ బతికే ఉంటుంది, దాని దగ్గరున్నదంతా డిస్కుకి చేరుతుంది. కెర్నల్‌ని కూల్చి చూస్తారు ఇంకొందరు. అప్పుడు డిస్కుకి కరెంటు ఉంటుంది, దాని క్యాష్ తీరిగ్గా ఖాళీ అవుతుంది. రీసెట్ బటన్ నొక్కినా ఇంతే. ఈ చావులన్నిటిలో డిస్కు మాటని పరీక్షించేది ప్లగ్గు లాగడం ఒక్కటే. మీ ‘క్రాష్ టెస్టులు’ వీటిలో ఏవో తెలుసుకోవాలని ఉంది.

ఇక నా కోరికలు. డేటాషీట్‌లో ఒక్క వాక్యం రాయండి: ఫ్లష్‌కి గానీ ఎఫ్‌యూఏ రాతకి గానీ సఫలమైందని జవాబిచ్చాక, ఎప్పుడు కరెంటు పోయినా ఆ డేటా ఉంటుంది. ఈ మాట రాయలేని మోడల్ అయితే, రాయలేమని రాయండి. ఆటలాడుకునే కంప్యూటర్‌కి అలాంటి డిస్కు కొనేవాళ్లు కొంటారు, మాకు తగదని మాకు తెలుస్తుంది. క్యాష్‌కి కరెంటు రక్షణ లేకపోతే, క్యాష్ ఉందా అని డిస్కుని అడిగినప్పుడు అది నిజం చెప్పాలి. ఎన్‌వీఎంఈలో అందుకు ఒక బిట్ ఉండనే ఉంది. కెపాసిటర్లు ముసలివైతే వేగంగా నటించడం మాని, నేరుగా రాస్తూ, ఆ సంగతి స్మార్ట్ రిపోర్టులో, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే రిపోర్టులో, పెట్టండి. ఒకే మోడల్ నంబరు మీద లోపలి కంట్రోలర్‌ని, ఫ్లాష్‌ని మార్చే అలవాటు ఉంటే మానండి. నేను పరీక్షించింది ఒక డిస్కు, ఆర్నెల్ల తర్వాత అదే పేరుతో వచ్చేది ఇంకో డిస్కు అయితే నా కాగితం మీద అంకెలకి విలువేముంది? ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో ఫ్లష్ తీరు మారితే, ఆ అప్‌డేట్‌తో వచ్చే కాగితంలో ‘పనితీరు మెరుగుపరిచాం’ అని కాకుండా, ఏం మార్చారో చెప్పండి.

నిజం చెప్పడం వల్ల మీ డిస్కు బెంచ్‌మార్కుల్లో వెనకబడుతుందన్నది మీ భయమని నాకు తెలుసు. పక్కవాడు అబద్ధమాడుతూ పైన ఉంటే, నిజం చెప్పేవాడికే నష్టం. ఆ బెంచ్‌మార్కులు రాసేది మావాళ్లే. ఎఫ్‌సింక్ లేకుండా కొలిచిన వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేయడం మేం మానాలి. కొలిచిన ప్రతి డిస్కుకీ పక్కన ప్లగ్గు పరీక్ష ఫలితం కూడా వేయాలి. నా వంతుగా నేను మొదలుపెట్టాను. మా టీములో డిస్కు కొనే ముందు చూసే పట్టికలో వేగం గడికి ముందు ఇంకో గడి చేర్చాం. ప్లగ్గు లాగితే ఎన్నిసార్లు మాట నిలబెట్టుకుంది అన్నది ఆ గడి. అందులో ఖాళీ ఉన్న డిస్కుని కొనం, అది ఎంత వేగమైనా సరే.

పోయిన వారం కొత్త మోడల్ ఒకటి వచ్చింది. ఇంకా డబ్బాలోనే ఉంది. దాని డేటాషీట్ రెండుసార్లు చదివాను. బరువు గ్రాముల్లో ఉంది, స్క్రూ పొడవు మిల్లీమీటర్లలో ఉంది, ఎంత ఎత్తు మీద పనిచేస్తుందో కూడా ఉంది. ఫ్లష్ అనే మాట ఒక్కచోటా లేదు. శనివారం దానికి ప్లగ్గు లాగుతాను. అంతకన్నా ముందే మీరు ఆ వాక్యం రాసి పంపితే, కాగితం మీద పైన ఆ వాక్యం రాసుకుని, కింద అంకెలు వేస్తాను.

ఇట్లు,
మీ డిస్కుల మీద లాగులు రాసుకునే ఒక డేటాబేస్ నిర్వాహకుడు